వంతెన మింగేదెంత, మిగిల్చేదెంత: కల్పిత లోకాల కోట వంతెనలపై ఒక పరిశీలన

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ సృష్టించిన వెస్టరాస్ లోకంలో ట్విన్స్ అనే చోటుంది. గ్రీన్ ఫోర్క్ నదికి ఈ ఒడ్డున ఒక కోట, ఆవలి ఒడ్డున అచ్చు దానిలాంటిదే ఇంకొకటి. రెంటినీ కలుపుతూ రాతి వంతెన, వంతెన నడుమ ఒక బురుజు. ఫ్రే వంశం వాళ్లు ఆరు వందల ఏళ్లుగా ఆ దారిని గుప్పిట పెట్టుకుని, దాటేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేసి కోటికి పడగలెత్తారని 1996లో వచ్చిన మొదటి నవల ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చెబుతుంది. ఫాంటసీ నవలల్లోనూ వీడియో గేముల్లోనూ ఈ నమూనా పదేపదే ఎదురవుతుంది. సరిహద్దు నది, దాని మీద బురుజుల వంతెన, వంతెన కొసన వ్యాపారపు ఊరు, వచ్చేపోయేవాళ్ల దగ్గర పైకం గుంజే ఒక దొర.

నదికి అటూ ఇటూ నడవాలంటే వంతెన ఒక్కటే దిక్కు. దాన్ని పట్టుకున్నవాడి పంట పండినట్టే అనిపిస్తుంది. కానీ చరిత్రలో నిజంగా నిలిచిన కోట వంతెనల లెక్కలు ఈ ఊహను సమర్థిస్తున్నాయా? వంతెన దగ్గర పోగైన సంపద వంతెన వల్ల వచ్చిందా, దాని పక్కనున్న మరి దేనివల్లనైనా వచ్చిందా? ఈ వ్యాసం చూడబోయేది అంతే. మార్టిన్ కథ బాగుందా లేదా అన్నది ఇక్కడ విషయం కాదు. కథకుడికి చరిత్ర పుస్తకంతో పనిలేదు. అయితే మార్టిన్, టోల్కీన్ ఇద్దరూ తమ లోకాలకు తేదీలు, వంశవృక్షాలు, పటాలు కట్టి మరీ ఇచ్చారు. కాబట్టి వాళ్ల ఊళ్లను కాస్త గట్టిగానే ప్రశ్నించవచ్చు.

ముందు ట్విన్స్ గురించి మనకున్న సాక్ష్యం ఎలాంటిదో చూడాలి. మొదటి నవలలో ఆ కోటను మనం కేట్లిన్ స్టార్క్ కళ్లతో చూస్తాం. ఆమె హోస్టర్ టల్లీ కూతురు. ఫ్రేలు టల్లీల సామంతులు. ట్రైడెంట్ యుద్ధం ముగిశాక గానీ వాల్డర్ ఫ్రే సైన్యంతో చేరుకోలేదని ఆయనకు ఆలస్యపు దొర అన్న ఎగతాళి పేరు పెట్టింది ఆమె తండ్రే. పైగా ఆ పూట ఆమె కొడుకు రాబ్‌కు నది దాటి తీరాల్సిన అవసరం ఉంది. అంటే ఫ్రేల డబ్బు యావ గురించి మనం వినేదంతా సుంకం కట్టే పక్షం నోట వచ్చిందే. ఫ్రేల ఖాతా పుస్తకం ఎవరూ తెరిచి చూపలేదు. ఏ ఊళ్లోనైనా చెక్‌పోస్టు దగ్గర లారీ డ్రైవరును ఆపి అడిగితే, లోపల కూర్చున్నవాడికి ఎంత మిగులుతోందో ఎక్కువ చేసే చెబుతాడు. ఆ మాటను కొట్టెయ్యనక్కర్లేదు, అలాగని దాన్నే ఆదాయపు లెక్కగా తీసుకోనూ లేం.

వాచకం ఇచ్చే ఇంకో వివరం ఎక్కువ పనికొస్తుంది. ఆ వంతెన పూర్తికావడానికి మూడు తరాలు పట్టిందట. మొదట రెండు ఒడ్డులా కట్టెకోటలు లేచి, అవి తర్వాత రాతికోటలయ్యాయి. నిర్మాణకాలం మాట నమ్మదగ్గదే. ఫ్రాన్సులో లాట్ నది మీద కాఓర్ పట్టణంలో ఉన్న వలాంత్రే వంతెనకు 1308లో పునాదిరాయి పడింది, పని పూర్తిగా ముగిసేసరికి 1378. డెబ్భై ఏళ్లు. ఆరు పెద్ద కమానులు, మూడు ఎత్తైన బురుజులు. కట్టుబడి ఎంతకీ తెమలకపోవడంతో మేస్త్రీ దయ్యంతో ఒప్పందం కుదుర్చుకున్నాడని అక్కడి జనం కథ అల్లుకున్నారు. 1879లో మరమ్మతులు చేయించిన వాస్తుశిల్పి ఆ కథను గౌరవించి బురుజు మూల మీద ఒక బుల్లి దయ్యాన్ని చెక్కించాడు కూడా.

కానీ కాఓర్‌లో ఖర్చు పెట్టిందెవరు? వంతెన కట్టాలని 1306లో తీర్మానించింది ఆ పట్టణపు పాలకమండలి. అప్పటికే కాఓర్ వడ్డీ వ్యాపారులు యూరప్ అంతటా పేరుమోసినవాళ్లు. అంటే డబ్బు ముందు, వంతెన తర్వాత. మార్టిన్ కథలో వరస తిరగబడింది. వంతెన వల్లనే ఫ్రేలు ధనవంతులయ్యారు. అలాగైతే మూడు తరాల పాటు రాళ్లు మోయించి, స్తంభాలు దింపించి, వందలాది కూలీలకు తిండి పెట్టిన సొమ్ము ఎక్కడిది? ఆ మూడు తరాల్లోనూ వంతెన మీద పైసా రాబడి లేదు కదా. అంతకుముందే వాళ్ల చేతిలో పడవల రేవు ఉండి ఉండాలన్నది సహేతుకమైన ఊహ. నవలలో ఆధారం లేదు కాబట్టి దీన్ని ఊహగానే ఉంచుదాం.

ఇక రాబడి సంగతి. ట్విన్స్‌తో పోల్చదగ్గ వంతెన చరిత్రలో ఏదని వెదికితే, అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది లండన్‌లోని పాత వంతెన. 1176లో పీటర్ ఆఫ్ కోల్‌చర్చ్ అనే మతాధికారి పని మొదలుపెట్టాడు, ఆయన పోయాక 1209లో పూర్తయింది. పంతొమ్మిది స్తంభాలు, మధ్యలో ఎత్తి దించే భాగం, దక్షిణపు వైపు కోటగుమ్మం. కొత్త వంతెన 1831లో వచ్చేవరకూ అది వాడుకలో ఉంది. లెక్కవేస్తే 622 ఏళ్లు, అంటే ఫ్రేల ఆరు వందల ఏళ్లకు సరిగ్గా జోడీ. ఇంకా ముఖ్యమైంది గుత్తాధిపత్యం. 1729లో పట్నీ దగ్గర కట్టెవంతెన వచ్చేదాకా, నదికి ఎగువన కింగ్‌స్టన్ చేరితే తప్ప థేమ్స్ మీద మరో వంతెన లేదు. ఒక మహానగరం, దాని దక్షిణ ముఖద్వారం, అయిదు శతాబ్దాల పాటు పోటీ లేని దాటు. వంతెన సుంకం ఎవరినైనా కుబేరుణ్ణి చేయగలిగితే ఇక్కడ చేసి ఉండాలి.

లెక్కలు మరోలా ఉన్నాయి. లండన్ వంతెన బాగోగులు చూసిన బ్రిడ్జ్ హౌస్ సంస్థ ఖాతాలు 1381 నుంచి దొరుకుతున్నాయి. వాటిలో పెద్ద ఆదాయం సుంకం కాదు, అద్దెలు. వంతెన మీది ఇళ్లూ దుకాణాల అద్దెలు కొంత, నగరంలో వంతెన పేరిట దాతలు రాసిచ్చిన ఆస్తుల అద్దెలు అంతకన్నా ఎక్కువ. 1358 నాటికి వంతెన మీదే 138 దుకాణాలున్నట్టు లెక్క ఉంది. బండ్ల మీద, ఓడల మీద వసూలైన సుంకం ఈ అద్దెల ముందు చిన్న పద్దు. వచ్చిన సొమ్ములో సింహభాగం తిరిగి నదిలోకే పోయేది. స్తంభాల అడుగున ఇసుక కోసుకుపోకుండా చుట్టూ కట్టెలు పాతి రాళ్లు నింపి దిబ్బలు కట్టేవాళ్లు. ఆ దిబ్బలు నదిని ఇరుకు చేసేవి, ఇరుకైన నీరు మరింత వడిగా పారి దిబ్బలనే కోసేది, మళ్లీ రాళ్లు, మళ్లీ కట్టెలు. మరమ్మతుకు అంతు లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. లండన్ వంతెన నగరపు ఉమ్మడి ఆస్తి, దాన్ని లాభానికి నడపలేదు. ఒక దొర చేతిలో ఉండి ఉంటే గట్టిగా పిండేవాడు కదా? అదృష్టవశాత్తూ ఆ పరీక్ష కూడా జరిగింది. మూడవ హెన్రీ రాజు వంతెన అజమాయిషీని తన రాణి ఎలినార్ ఆఫ్ ప్రోవాన్స్‌కు అప్పగించాడు. రాబడి రాణిగారి ఖజానాకు చేరింది, మరమ్మతులు ఆగిపోయాయి. వంతెన పాడుబడిపోతోందని నగరవాసులు ఫిర్యాదులు చేస్తూనే ఉన్నారు. 1281-82 చలికాలంలో మంచుగడ్డల తాకిడికి అయిదు కమానులు కూలిపోయాయి. హెన్రీ తర్వాతి రాజు మొదటి ఎడ్వర్డ్ బాగుచేతకు ప్రత్యేక సుంకాలకు, విరాళాల సేకరణకు అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. ఒక్క ఉదంతాన్ని సూత్రంగా మార్చడం తొందరపాటే, మంచు ఆ ఏడాది అసాధారణంగా పేరుకుందన్నదీ నిజం. అయినా పిండుకునే దొర చేతిలో అంత పెద్ద వంతెన పదిపదిహేనేళ్లకే చతికిలబడింది. ఫ్రేలు ఆరు వందల ఏళ్లు పిండినా ఒక్క కమానూ కూలలేదంటే, వాళ్లు చెడ్డపేరు తెచ్చుకున్నంత పిసినారులు కాకపోయి ఉండాలి. లేదా గ్రీన్ ఫోర్క్‌లో మంచుగడ్డలు కొట్టుకురాకపోయి ఉండాలి. ఏళ్లపాటు సాగే చలికాలాలున్న లోకంలో రెండోది నమ్మడం కష్టం.

సుంకంతో దొరలు బలిసిన సందర్భాలు లేవని కాదు. జర్మనీలో రైన్ నది నడిమధ్య, కౌబ్ ఊరి ఎదుట, ఓడలాంటి ఒక చిన్న కోట ఉంది. 1326-27 ప్రాంతంలో బవేరియా వాడైన లుడ్విగ్ రాజు కట్టించాడు. ఆ కోటా, ఒడ్డునున్న మరో కోటా కలిసి నదిలో పోయే పడవలను ఆపి సుంకం వసూలు చేశాయి. 1860ల్లో ప్రష్యా చేతికి వచ్చేదాకా అయిదు శతాబ్దాలకు పైగా అది ఆగలేదు. తేడా గమనించాలి. అక్కడ వంతెన లేదు. నదే దారి, సరుకు నీటి మీద వస్తోంది. ఆపడానికి కోట చాలు, దాటించడానికి ఏమీ కట్టనక్కర్లేదు. ట్విన్స్‌లో దారి నదికి అడ్డంగా పోతుంది, అందుకని ఫ్రేలు దాటించాలి కూడా. ఆపడం చవక, దాటించడం ఖరీదు. కథల్లోని వంతెన దొరలు చవకపని రాబడిని ఖరీదుపని ఖాతాలో చూపిస్తున్నారనిపిస్తుంది.

బురుజుల సంగతీ కొంచెం అనుమానంగానే చూడాలి. వేల్స్‌లోని మన్‌మత్‌లో మానో నది మీది వంతెన, స్తంభం మీద నిలబడ్డ గుమ్మపు బురుజుతో సహా ఈనాటికీ ఉంది. బ్రిటన్‌లో అలాంటిది అదొక్కటే మిగిలింది. చూస్తే యుద్ధం కోసమే కట్టారనిపిస్తుంది. కానీ ఆ నది చిన్నది, దగ్గర్లో కాలినడకన దాటే తావులున్నాయి. శత్రువు గుమ్మం ముందు నిలబడి తలుపు తట్టనక్కర్లేదు. అందుకే ఆ బురుజు రక్షణకన్నా సంతకు వచ్చే సరుకును ఆపి ఆశీలు వసూలు చేయడానికే ఎక్కువ పనికొచ్చిందని చరిత్రకారులు భావిస్తున్నారు. కాఓర్ బురుజులను సైతం శత్రువులు ఎన్నడూ పట్టుకోలేదు, 1580లో నవార్ హెన్రీ ఆ పట్టణాన్ని వేరే వైపు నుంచి వచ్చి గెలుచుకున్నాడు. లండన్ వంతెన మీద మాత్రం నిజంగానే పోరాటాలు జరిగాయి. 1450లో జాక్ కేడ్ తిరుగుబాటుదార్లు ఎత్తుడు వంతెన తాళ్లు తెగ్గొట్టి రాత్రంతా పోరాడారు. 1471 దాడిలో దక్షిణపు వైపు ఇళ్లు తగలబడ్డాయి గానీ వంతెన మీదుగా నగరం పడలేదు. కాబట్టి బురుజు పనికిరాదని తేల్చలేం. నదిని వేరే చోట దాటే వీలు ఎంత తక్కువో, బురుజు విలువ అంత ఎక్కువ. మార్టిన్ ఈ ఒక్క విషయంలో బాగా ఆలోచించాడు. ఉత్తరాన నెక్ అనే బురద నేలలు, దక్షిణాన శత్రుసైన్యం కాపుకాసిన రాజమార్గపు రేవు. రాబ్‌కు ట్విన్స్ తప్ప గతిలేని పరిస్థితిని ఆయన పటంలోనే బిగించాడు.

యూరప్ పట్టణాల నుంచి ఇప్పుడు అసలైన సరిహద్దుకు రావాలి. ఇప్పటిదాకా చూసినవి ఊళ్లలోని వంతెనలు. నిజమైన సరిహద్దు నది మీద, రెండు రాజ్యాల నడుమ, కోటా దాటూ సంతా కలిసిన చోటు కావాలంటే సింధునది మీది అటకును మించింది నాకు తోచదు. కాబూల్ నది వచ్చి సింధులో కలిసే తావుకు కొద్ది దిగువన నది రాతి గట్ల మధ్య ఇరుకవుతుంది. 1581లో కాబూల్ నుంచి తమ్ముడు మీర్జా హకీం పంజాబు మీదికి వచ్చాక, అతణ్ణి తరుముతూ వెళ్తూ అక్బరు అక్కడ కోటకు శంకుస్థాపన చేశాడు. ఖ్వాజా షంసుద్దీన్ ఖవాఫీ పర్యవేక్షణలో 1583కు కోట పూర్తయింది.

అటకులో కోట ఉంది, రాతివంతెన లేదు. ఉన్నది పడవల వంతెన. పడవలను వరసగా నిలిపి, లంగరువేసి, పైన పలకలు పరిచి దారి చేసేవాళ్లు. ఎండాకాలంలో కొండల మీది మంచు కరిగి నది పొంగినప్పుడు దాన్ని విప్పేసి పడవల్లో దాటించేవాళ్లు. కాఓర్ డెబ్భై ఏళ్లలో, లండన్ ముప్ఫై మూడేళ్లలో సాధించినదాన్ని మొఘలులు ప్రయత్నించనే లేదు. చేతకాక కాదు. మునీంఖాన్ జౌన్‌పూర్‌లో గోమతి మీద 1560ల్లోనే గొప్ప రాతివంతెన కట్టించాడు. సింధు వడిలో స్తంభం దింపడం ఆనాటి పద్ధతులకు లొంగే పని కాదన్నది ఒక కారణం. రెండో కారణం నా అంచనా. సరిహద్దులో విప్పగలిగే వంతెనే మేలు. శత్రువు వస్తే లంగరు లేపితే చాలు. శాశ్వతమైన వంతెన నీకెంత దారో ఎదుటివాడికీ అంతే దారి. ఫాంటసీ పటాల్లో సరిహద్దు నదుల మీద శాశ్వతమైన రాతివంతెనలు విరివిగా కనిపించడం నాకు అందుకే కొంచెం వింత.

అటకులో దాటు ఆస్తి రాళ్లలో లేదు, మనుషుల్లో ఉంది. అక్బరు పడవవాళ్లను తెచ్చి కోట పక్కన స్థిరపరిచి, వాళ్ల పోషణకు భూమి రాబడి కేటాయించాడని అక్కడి గెజిటీర్లు నమోదు చేశాయి. వాళ్ల పేటకు మల్లాహీ టోలా అని పేరు. నది ఏ నెలలో ఎలా తిరుగుతుందో, ఏ బండ దగ్గర సుడి ఉందో ఎరిగినవాళ్లు వాళ్లే. కోట చేతులు మారింది, మొఘలుల తర్వాత ఆఫ్ఘన్లు, సిక్కులు, ఇంగ్లీషువాళ్లు. ఎవరు గద్దెనెక్కినా దాటించడానికి ఆ పడవవాళ్ల చేతులే కావాలి. ఫ్రేల కథలో ఈ వర్గం ఉనికే లేదు. రాతివంతెన కట్టగానే పడవవాళ్లు కనుమరుగైనట్టు మార్టిన్ అనుకుని ఉండవచ్చు. లండన్‌లో అలా జరగలేదు. వంతెన ఉండగానే వేలమంది పడవవాళ్లు నదిని దాటిస్తూ బతికారు.

1813లో అటకు చేతులు మారిన తీరు ట్విన్స్ ఘట్టాన్ని చదివినవాళ్లకు ఆసక్తి కలిగిస్తుంది. కోట అప్పుడు జహాందాద్ ఖాన్ అనే ఆఫ్ఘన్ అధికారి చేతిలో ఉంది. కశ్మీరులో అతని సోదరుడు కాబూల్ వజీరు చేతిలో ఓడిపోగానే తన వంతు వస్తుందని గ్రహించి, జాగీరు మాట తీసుకుని కోటను రంజిత్ సింగ్‌కు అప్పగించాడు. ఆ జూలైలో కాబూల్ సైన్యం కోటను తిరిగి గెలవాలని వచ్చి, పక్కనే ఛాఛ్ మైదానంలో దివాన్ మోహకమ్ చంద్ చేతిలో ఓడిపోయింది. జహాందాద్ ఆ దాటు విలువను సుంకపు రూపంలో రాబట్టుకోలేదు. ఒకేసారి, ఒకే బేరంలో, భూమి రూపంలో రాబట్టుకున్నాడు.

నవల వాచకం కూడా, జాగ్రత్తగా చదివితే, ఇదే చెబుతుంది. రాబ్ దాటడానికి వాల్డర్ ఫ్రే అడిగింది నాణేలు కాదు. రాబ్ ఒక ఫ్రే పిల్లను చేసుకోవాలి, చెల్లెలు ఆర్యాను ఫ్రేల ఇంటికివ్వాలి, ముసలాయన కొడుకొకణ్ణి రాబ్ తన కొలువులో పెట్టుకోవాలి, ఇద్దరు మనవలు స్టార్కుల కోట వింటర్‌ఫెల్‌లో పెరగాలి. అంటే మార్టిన్ చెప్పిన మాటకూ, చూపించిన పనికీ తేడా ఉంది. సుంకంతో సంపన్నులయ్యారని చెప్పాడు, చూపించింది మాత్రం గత్యంతరం లేనివాడితో చేసుకున్న వియ్యపు బేరం. రెండోది చరిత్రకు దగ్గర. ఇలాంటి అదను ఏ తరానికో ఒక్కసారి వస్తుంది. మిగతా రోజుల్లో వంతెన ఖర్చులు వంతెనే పెట్టుకోవాలి.

వంతెన దొరకు మిగలకపోతే వంతెన దగ్గరి సంపద ఎవరిది? దీనికి మంచి సాక్ష్యం మన గడప దగ్గరే ఉంది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో మూసీ మీద కట్టిన పురానాపూల్ గోలకొండ వైపును దక్షిణపు ఒడ్డుతో కలిపింది. హైదరాబాదు నగరం పుట్టింది ఆ తర్వాత, 1591లో. పదిహేడో శతాబ్దం మధ్యలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఆ వంతెన పారిస్‌లోని పాంట్ నఫ్‌కు ఏమాత్రం తీసిపోదని రాశాడు. మనకు అంతకన్నా పనికొచ్చే మాట మరొకటి ఆయనే రాశాడు. వంతెన చేరకముందు పొడుగాటి శివారు పేట ఒకటి ఉందట. వర్తకులు, దళారులు, చేతిపనివాళ్లు ఉండేది అందులో. నగరం లోపల ఉండేవాళ్లు దొరలూ ఉద్యోగులూ సైనికులూ. వర్తకులు పొద్దెక్కాక నగరంలోకి వచ్చి బేరాలు చూసుకుని, సాయంత్రానికి మళ్లీ పేటకు వెళ్లి పడుకునేవాళ్లు. ఈ పేట ఇప్పటి కార్వాన్ వైపుదేనన్న అభిప్రాయం సబబుగా ఉంది.

అదే చోట ఆయన నగర ద్వారాల దగ్గరి తనిఖీనీ వర్ణించాడు. కొత్తవాడు వస్తే ఉప్పు, పొగాకు ఉన్నాయేమోనని మూటలు విప్పి చూసేవాళ్లు, సుల్తానుకు పెద్ద రాబడి తెచ్చేవి అవే కనుక. లోపలికి అనుమతి దొరకడానికి ఒక్కోసారి ఒకటి రెండు రోజులు కూడా పట్టేదట. సుంకం సరుకు మీద పడింది, దాటడం మీద కాదు. ఇక ఆ ఒకటి రెండు రోజులు బాటసారి ఎక్కడుంటాడు? తినాలి, ఎద్దులకు మేత కావాలి, బండి ఇరుసు చూపించుకోవాలి, ధరలు వాకబు చేయాలి. దళారి తారసపడేది అప్పుడే. పేట బతికేది ఈ నిరీక్షణ మీదనని నా అభిప్రాయం. తావెర్నియే ఈ రెండు విషయాలకూ ముడిపెట్టి ఎక్కడా చెప్పలేదు, ఆ ముడి నేను వేస్తున్నదే. అటకులో నది పొంగినప్పుడు దారి ఆగిపోతే ఒడ్డున బిడారులు విడిసేవి. ఆ పక్కనే మొఘలుల కాలపు బేగం కీ సరాయి ఈనాటికీ ఉంది. రెండు చోట్లా జరిగింది ఒకటే, ఆగినచోట ఖర్చు. ట్విన్స్ వర్ణనలో కోటలకు, ఫ్రేల లెక్కలేనంత సంతానానికి దక్కిన చోటులో సంతకూ సరాయికీ దక్కింది బహుస్వల్పం. సంపద ఉంటుందని చరిత్ర చూపించే చోటనే నవల ఖాళీగా ఉంది.

ఈ లెక్కన చూస్తే ఫాంటసీలో ఎక్కువ నమ్మదగిన వంతెన ఊరు టోల్కీన్ 1937 నాటి ‘ద హాబిట్’లోని ఎస్గరాత్. సరస్సులో గుంజల మీద కట్టిన కట్టెల ఊరు. ఒడ్డు నుంచి ఒక పెద్ద కట్టెవంతెన, దాని మొదట్లో కావలివాళ్లు. వాళ్లు పెద్దగా కాపలా కాయడం లేదని కథకుడే చెబుతాడు. సుంకం పిండే దొర లేడు. ఊరి పెద్ద ఉన్నాడు, అతని మనసంతా వ్యాపారం, పన్నులు, సరుకు. దక్షిణాది నుంచి ద్రాక్షసారాయి వస్తుంది, జలపాతం దగ్గర బండ్ల మీద ఎక్కించి ఊరికి చేరుస్తారు, అక్కడి నుంచి అడవిలోని ఎల్ఫుల రాజుకు పంపుతారు. ఖాళీ పీపాలు ఏటి వాలున తేలుతూ వెనక్కి వస్తాయి. ఏ సరుకు ఎక్కడ బండి మారుతుందో, పీపా తిరిగి ఎవరికి చేరుతుందో చెప్పిన ఫాంటసీ రచన అరుదు. ఊరు అక్కడ ఎందుకుందో ఆ పీపాలే చెబుతాయి, ఎక్కించి దించే తావు కనుక. స్మాగ్ అనే డ్రాగన్ వచ్చిన రాత్రి వాళ్లు చేసిన మొదటి పని వంతెనను కూల్చడం. అటకులో పడవల లంగరు లేపినట్టే. కట్టెవంతెన కాబట్టి అది సాధ్యమైంది.

టోల్కీన్ రాసిన ఇంకో వంతెన ఊరు, ఆస్గిలియత్, వేరే రకం సాక్ష్యం. ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ అనుబంధాల్లో తేదీలతో సహా దాని చరిత్ర ఉంది. గోండోర్ రాజ్యపు మొదటి రాజధాని, ఆండుయిన్ నదికి ఇరువైపులా విస్తరించిన నగరం, నడుమ గొప్ప వంతెన, వంతెన మీద బురుజులు, రాతి ఇళ్లు. పాత లండన్ వంతెన మనసులో మెదలకుండా ఈ వర్ణన చదవడం కష్టం, అయినా టోల్కీన్ దాన్నే చూసి రాశాడనడానికి నా దగ్గర రుజువు లేదు. మూడో యుగం 1437లో అంతర్యుద్ధంలో నగరం తగలబడింది. 1636లో మహమ్మారి వచ్చింది. జనం చాలావరకు విడిచిపోయారు. 1640లో రాజు తరోండోర్ కొలువును మినాస్ అనోర్‌కు మార్చాడు. 2002లో తూర్పు కొండల కోట మినాస్ ఇథిల్ శత్రువుల పాలైంది, ఆస్గిలియత్ సరిహద్దయింది. 2475లో మోర్డోర్ నుంచి వచ్చిన ఓర్కులు నగరాన్ని పట్టుకున్నారు. వాళ్లను తరిమినా నగరం పూర్తిగా పాడైంది, రాతివంతెన విరిగింది.

ఈ తేదీల్లో ఒక చిక్కుంది. రాతివంతెన 2475లో విరిగితే, 3018 జూన్‌లో గోండోర్ వీరులైన అన్నదమ్ములు బోరోమిర్, ఫరామిర్ కాపాడి చివరకు కూల్చేసిన వంతెన ఏది? ఆ కూల్చివేతలో నలుగురే ఈదుకుంటూ బయటపడ్డారని బోరోమిర్ స్వయంగా చెబుతాడు. మధ్యలో ఎవరో విరిగిన స్తంభాల మీద తాత్కాలికంగా, బహుశా కట్టెతో, దారి వేసి ఉండాలి. వాచకం చెప్పదు గానీ తేదీలు రెండూ నిలవాలంటే అదొక్కటే మార్గం. సరిహద్దు సైన్యాలు అలాంటి పనే చేస్తాయని అటకు చూపిస్తోంది. అవసరమున్నంతకాలం పలకలు పరచడం, అవసరం తీరాక లాగేయడం. ఇంకొక సంగతి, ఆ మరుసటి ఏడాది శత్రువు నది దాటడానికి వంతెన బాగుచేసుకోలేదు. తెప్పలు, పడవలు కట్టుకుని వచ్చాడు.

ఊరికీ వంతెనకూ ఉన్న సంబంధం విషయంలో ఈ కాలక్రమాన్నే నేను ఎక్కువగా నమ్ముతాను. కొలువు లేచిపోయిన 1640కీ రాతివంతెన విరిగిన 2475కీ నడుమ 835 ఏళ్లు. అన్నేళ్లూ వంతెన నిలిచే ఉంది, బురుజులు నిలిచే ఉన్నాయి, నదిని దాటే దారి తెరిచే ఉంది. ఊళ్లోకి జనం మాత్రం తిరిగి రాలేదు. తూర్పున ఇథిలియెన్ సీమ నుంచి పంట, సరుకు రావడం తగ్గుతూ వచ్చిన కొద్దీ ఆ వంతెన మీదుగా నడిచింది సైనికులే.